కవితల పుస్తకం బొమ్మల సినిమా అయితే మార్కులు ఎలా వెయ్యాలి? 'ది ప్రాఫెట్' మీద చర్చ

కోనసీమ_పాఠకుడు

అందరికీ నమస్కారమండి. అమలాపురంలో మా పాఠకుల బృందం ఖలీల్ జిబ్రాన్ 'ది ప్రాఫెట్' చదవడం పూర్తి చేసింది. దాని మీద 2014లో వచ్చిన యానిమేషన్ సినిమా చూసి, అయిదుగురు విడివిడిగా మార్కులు వేసి, ఆ తర్వాత చర్చ పెట్టుకోవాలని నిర్ణయం. మార్కుల కాగితం ఇలా రాశాను: కథ 20, బొమ్మలు 20, సంగీతం 20, మాటలు 20, పుస్తకానికి విధేయత 20. తెలిసినవాళ్ళు తప్పొప్పులు చెప్పండి. హాలు రేకుల కప్పుదని కూడా గమనించగలరు.

వశిష్ఠరేవు

ఆ కాగితంతో మొదలుపెడితే చర్చ పది నిమిషాల్లో తెగిపోతుందండి. ఇందులో రెండు సినిమాలున్నాయి. ఒకటి చుట్టుకథ. దాన్ని తీసింది రోజర్ అలర్స్, 1994లో 'లయన్ కింగ్'కి దర్శకత్వం వహించిన ఇద్దరిలో ఒకరు. ముస్తఫా అనే కవి గృహనిర్బంధంలో ఉంటాడు, విడుదల చేస్తున్నామని చెప్పి ఓడ దగ్గరికి తీసుకెళ్తారు. తండ్రి పోయాక మాట మానేసిన అల్మిత్ర అనే చిన్నపిల్ల వెంటపడుతుంది. ఆ కథ మధ్యలో 8 కవితలు వస్తాయి. ఒక్కోటీ ఒక్కో దర్శకుడిది: ప్రేమ టామ్ మూర్, పిల్లలు నీనా పేలీ, పెళ్ళి జోఆన్ స్ఫార్, పని జోన్ గ్రాట్జ్, అన్నపానాలు బిల్ ప్లింప్టన్, స్వేచ్ఛ మిహావ్ సోహా, మంచీ చెడూ మొహమ్మద్ సయీద్ హారిబ్, మరణం బ్రిజీ అన్నదమ్ములు.

ఈ రెంటికీ కలిపి ఒక అంకె వేస్తే చుట్టుకథ బలహీనత కవితల బలాన్ని మింగేస్తుంది, లేకపోతే కవితల అందం కథలో లోటుని కప్పేస్తుంది. ఎనిమిదింటికీ విడివిడిగా వెయ్యండి. చుట్టుకథకి వేరే కాగితం పెట్టండి. రెండూ కూడకండి.

కోనసీమ_పాఠకుడు

మంచి మాటండి. మరి 'పుస్తకానికి విధేయత' సంగతి? మాలో సగంమంది దాని కోసమే వస్తున్నారు.

వశిష్ఠరేవు

విధేయత అంటే ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్తారు. అందుకని దాన్ని కొలవగలిగే ప్రశ్నలుగా విడగొట్టుకోవాలి. నా దృష్టిలో మొదటి ప్రశ్న: ఎవరు అడుగుతున్నారు?

1923లో వచ్చిన పుస్తకంలో అల్‌ముస్తఫా ఓర్ఫలీస్ పట్నంలో 12 ఏళ్ళు ఎదురుచూశాక ఓడ వస్తుంది. బయల్దేరబోతుంటే జనం చుట్టూ చేరి అడుగుతారు, అతను చెప్తాడు. ఎవరు ఏమి అడుగుతారన్నది జిబ్రాన్ ఊరికే రాయలేదు. పిల్లల గురించి అడిగేది చంకలో పసిబిడ్డ ఉన్న తల్లి. పని గురించి దుక్కి దున్నేవాడు. తిండీ తాగుడూ గురించి సత్రం నడిపే ముసలాయన. స్వేచ్ఛ గురించి సభల్లో మాట్లాడే వక్త. మంచీ చెడూ గురించి ఊరి పెద్దల్లో ఒకాయన. ప్రేమ, పెళ్ళి, మరణం, ఈ మూడూ అడిగేది అల్మిత్ర. అక్కడ ఆమె చిన్నపిల్ల కాదు, గుడిలోంచి వచ్చిన జ్ఞాని. మీ పిల్లలు మీ సొత్తు కాదన్న మాట బిడ్డనెత్తుకున్న తల్లి ముఖం మీద పడుతుంది. అందుకే అంత గట్టిగా తగులుతుంది. వక్తకి స్వేచ్ఛ గురించి చెప్పేటప్పుడు, స్వేచ్ఛనే మెడకి కాడిలా మోసేవాళ్ళ సంగతి ఎత్తుకుంటాడు. మనిషి మారితే మాట తగిలే చోటు మారిపోతుంది.

సినిమాలో ఈ మనుషులు చాలావరకు పోయారు. పెళ్ళివాళ్ళు ఎదురైతే పెళ్ళి మాట చెప్తాడు, అది కుదిరింది. మిగతా చోట్ల ప్రశ్న అడిగే అవసరం ఎవరికుందో కాగితం మీద రాసుకోండి. ఎనిమిదింటిలో ఎన్నిటికి జవాబు దొరుకుతుందో చూడండి.

రెండో ప్రశ్న: ఏది వదిలేశారు? పుస్తకంలో ప్రశ్నలు 26. సినిమా తీసుకున్నది 8. గంటన్నర సినిమాకి అంతకన్నా పట్టవు, ఆ లెక్కలో తప్పు లేదు. కానీ చుట్టుకథలో సైనికులు, అధికారి, సంతకం పెట్టమని ఒత్తిడి, చివరికి కాల్పుల దళం ఉన్నాయి. ఇంత రాజ్యాన్ని కథలోకి తెచ్చి, పుస్తకంలో చట్టాల గురించీ నేరం-శిక్ష గురించీ ఉన్న రెండు కవితలనీ బయట పెట్టారు. ఆ కవికి తన మీద జరుగుతున్న అన్యాయం గురించి చెప్పడానికి పుస్తకంలో సొంత మాటలున్నాయి, సినిమా వాటిని అతని నోట పెట్టలేదు. చుట్టుకథ కాగితంలో నేను మార్కులు కోసేది ఇక్కడే.

నరసాపురం_అల్లిక

అల్మిత్రని చిన్నపిల్లని చెయ్యడం తప్పని నేను ఒప్పుకోనండి. పుస్తకంలో నాటకం లేదు, ఒకాయన నిలబడి చెప్తాడు, ఊరు వింటుంది. తెర మీద అదే చేస్తే ఉపన్యాసం అవుతుంది. మాట పోయిన పిల్ల పక్కన మాటలు మాత్రమే ఆస్తిగా ఉన్న మనిషిని నిలబెట్టారు. పిల్లకి మళ్ళీ నోరు తెరవాలనిపించాలంటే ఈ కవితలకి బలం ఉండాలి, అదే సినిమా తనకి తాను పెట్టుకున్న పరీక్ష. కాబట్టి అడగాల్సింది 'పుస్తకంలో ఇలా ఉందా' అని కాదు. ఫలానా కవిత విన్నాక ఆ పిల్ల ముఖంలో ఏం మారింది, ఆ మార్పు కవితలోంచి వచ్చిందా, కథ అవసరం కొద్దీ వచ్చిందా అని అడగాలి.

వశిష్ఠరేవు

ఆ పరీక్ష బావుంది. చుట్టుకథ కాగితంలో పెట్టుకోవచ్చు. ముగింపు మీద మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంది. పుస్తకంలో అతను ఓడెక్కి వెళ్తాడు, మళ్ళీ వస్తానని చెప్పి మరీ వెళ్తాడు. సినిమాలో చంపేస్తారు. వీడ్కోలు వేరు, వీరమరణం వేరు. పదేళ్ళలోపు పిల్లలు వస్తున్నట్టయితే పెద్దవాళ్ళకి ముందే చెప్పండి.

బొమ్మలగూడు

బొమ్మల వైపు నుంచి కొంచెం వివరంగా చెప్తాను. 'బొమ్మలు 20' అని ఒకే గళ్ళో వేస్తే అందరూ అందానికే మార్కులేస్తారు. అందమైన బొమ్మ కవితని చంపేయగలదు. చూడాల్సింది: ఈ పద్ధతి ఈ కవితకే ఎందుకు?

జోన్ గ్రాట్జ్ చేసిన 'పని' తీసుకోండి. ఆవిడది మట్టితో చిత్రించడం. బొమ్మలు చేసే మెత్తని మట్టిని నూనె కలిపి ఇంకా మెత్తగా చేసి, నిలువు పలక మీద వేలితో పరుస్తారు. కెమెరా ఎదురుగానే ఉంటుంది. ఒక ఫ్రేము తియ్యడం, అదే మట్టిని కొంచెం జరపడం, ఇంకో ఫ్రేము తియ్యడం. అంటే రెండో బొమ్మ రావాలంటే మొదటి బొమ్మ చెరిగిపోవాలి. వెనక్కి వెళ్ళి దిద్దుకోవడానికి ఏమీ మిగలదు. మధ్యలో చెయ్యి తప్పితే ఆ తప్పునే తర్వాతి రూపంలోకి కలుపుకోవాలి, లేదా ఆ షాటు మొదటినుంచీ చెయ్యాలి. ఇప్పుడు ఆ కవిత ఏం చెప్తుందో చూడండి: పనంటే కంటికి కనబడేలా చేసిన ప్రేమ. తెర మీద వేలిముద్రలతో సహా ఆ పనే కనబడుతోంది. ఒక ఆకారం కరిగి ఇంకో ఆకారం అవుతున్నప్పుడు కథేమీ లేకపోయినా కవిత నడుస్తుంది. పద్ధతే అర్థమైంది. నా లెక్కలో ఎనిమిదింటిలో ఇది మొదటిది.

ప్లింప్టన్ రంగు పెన్సిళ్ళతో గీస్తారు. ప్రతి బొమ్మా మళ్ళీ కొత్తగా గీయడం వల్ల కదలని వస్తువు గీత కూడా సన్నగా వణుకుతూ ఉంటుంది. తిండి కోసం ఇంకో ప్రాణిని తియ్యడం గురించిన కవితకి ఆ వణుకు ఊపిరిలా పనికొచ్చింది. ఇదే వణుకు మరణం కవితకి పెడితే చిరాకు పుట్టేది.

లెక్క కూడా తెలిస్తే మార్కులు న్యాయంగా వేస్తారు. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలబెడితే సెకనుకి 12 బొమ్మలు, 3 నిమిషాలకి 2,160. ఫ్రేముకో బొమ్మ అయితే 4,320. 'కదలిక నున్నగా లేదు' అని మార్కులు కోసేముందు, ఆ గరుకు కవితకి కావాలని పెట్టిందా, పని మిగుల్చుకోవడానికి పెట్టిందా చూడాలి. తేడా పట్టుకోవడం కష్టం కాదు. కావాలని పెట్టినప్పుడు ముఖ్యమైన మాట దగ్గర కదలిక మారుతుంది. పని మిగుల్చుకున్నచోట మొదటినుంచి చివరిదాకా ఒకేలా సాగుతుంది.

చూసే పద్ధతి: ఒక్కో కవితనీ మూడుసార్లు చూడండి. మొదటిసారి తెర ఆపేసి వినడం. రెండోసారి ధ్వని ఆపేసి చూడడం. మూడోసారి రెండూ కలిపి. ధ్వని లేకుండా చూసినప్పుడే కవితలో ప్రతి ఉపమానం వరసగా బొమ్మయి కనబడుతుంటే, అది కవిత కింద గీసిన గీత మాత్రమే. ధ్వని లేకుండా చూస్తే ఆ కవితతో సంబంధమే తెలియకపోతే, అది గోడకి కట్టిన అలంకారం. ఈ రెంటికీ మధ్య ఉన్నదే మనకి కావాల్సింది. అయిదుగురూ ప్రతి 10 సెకన్లకి ఒక గడి చొప్పున టిక్కు పెడితే ఎక్కడ బొమ్మ మాటని తిరిగి చెప్తోందో, ఎక్కడ కొత్తది చెప్తోందో కాగితం మీదే తేలిపోతుంది.

మాధవపట్నం_తెర

బొమ్మలగూడు గారి మాటకి తోలుబొమ్మలాటలోంచి ఒక తోడు. తెర మీద నాలుగు బొమ్మలుంటే మాట్లాడే బొమ్మ ఒక్కటే కదులుతుంది, మిగతావి తెరకి ఆనించి ఉంచుతారు. అన్నీ ఆడిస్తే మాట ఎవరిదో చూసేవాడికి తెలియదు. నీనా పేలీ చేసిన పిల్లల కవిత చూసేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. అక్కడ చదునైన ఆకారాలు, విల్లు, బాణాలు, ముగ్గులా మళ్ళీ మళ్ళీ వచ్చే వరసలు. పైగా అది చదివిన కవిత కాదు, డేమియన్ రైస్ పాడింది. పాట నడుస్తుండగా తెరంతా కదిలితే చెవి మాటని వదిలేసి తాళాన్ని పట్టుకుంటుంది. ఒక చరణంలో ఏది నిలబడి ఉంది, ఏది కదులుతోంది లెక్కపెట్టండి. నిలబడ్డది ఏదీ లేకపోతే మాటకి చోటు లేదన్నమాట.

ఆటవెలది

ఇంతవరకు అందరూ తెర గురించే చెప్పారు. పద్యం వైపు నుంచి ఒక్కటి. షాటు ఎక్కడ తెగాలి? జిబ్రాన్ రాసింది వచన కవిత, వాక్యం విరిగే చోట తెగితే సరిపోతుంది. మన పద్యానికి అయితే యతి ఉంది. ఇక్కడ పాఠకులకి చెవికి అలవాటైన ఛందస్సుతో చూపిస్తాను. ఈ చర్చ కోసమే కట్టిన ఆటవెలది:

ఏటి నీరు పారి యెచటికో పోవును
గట్టు నిలిచి చూచు కన్ను వోలె
మాట పోవు దారి మౌనమే మిగులును
బొమ్మ దాని వెంట పోవవలయు

మొదటి, మూడో పాదాల్లో 3 సూర్యగణాలు, 2 ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో 5 సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం: ఏటి-యెచటికో, గట్టు-కన్ను, మాట-మౌనమే, బొమ్మ-పోవ. చదివేవాడు మూడు గణాలు ఒక ఊపున వెళ్ళి, యతి దగ్గర గొంతుని ఆనించి, మిగతా రెండూ దించుతాడు. షాటు మారితే యతి మీద మారాలి, లేదా పాదం చివర మారాలి. 'నీరు', 'పారి' మధ్య కోస్తే చెవికి దెబ్బ తగులుతుంది, ఎందుకో చూసేవాడికి తెలియదు, 'ఎడిటింగు బాలేదు' అంటాడు.

కాలం కూడా చూడండి. రాగం లేకుండా మామూలుగా చదివితే పాదానికి 4 సెకన్ల చొప్పున 16 సెకన్లు, అంటే 384 ఫ్రేములు, రెండేసి చొప్పున 192 బొమ్మలు. అదే మన వైపు పౌరాణిక నాటకంలోలా హార్మోనియం మీద రాగం తీస్తే ఇదే పద్యం నిమిషం దాటుతుంది. ఆ సాగిన కాలంలో కొత్త మాటలేమీ లేవు. అక్కడ బొమ్మ కొత్త సంగతులు చెప్పడం మొదలుపెడితే రాగం నేపథ్యమైపోతుంది. రెండో పాదంలో గట్టులా బొమ్మ నిలబడి చూస్తే చాలు.

సినిమాలో దీనికి పోలిక టామ్ మూర్ 'ప్రేమ'. అది గ్లెన్ హాన్సర్డ్, లీసా హానిగన్ పాడినది. గొంతు సాగిన చోట బొమ్మ ఏం చేస్తోందో అక్కడ ఆగి చూడండి.

నరసాపురం_అల్లిక

ఆ 'ప్రేమ' బొమ్మల మీద ఆస్ట్రియా చిత్రకారుడు క్లిమ్ట్ చిత్రాల నీడ ఉంది, బంగారు రంగు, ఒంటినిండా నగిషీ. అందం విషయంలో దానికే మొదటి మార్కు పడుతుందని ముందే చెప్పొచ్చు. నా అనుమానం నగిషీ గురించే. మా వైపు లేసు అల్లేవాళ్ళు దారం ఎక్కడ పెట్టాలో ఎంత చూస్తారో, ఖాళీ ఎక్కడ వదలాలో అంత చూస్తారు. ఖాళీ తప్పితే పువ్వు కనబడదు, గుడ్డముక్క అవుతుంది. ప్రేమ కవితలో మాటలు చాలా కఠినమైనవి: ప్రేమ కిరీటమూ పెడుతుంది, శిలువా వేస్తుంది, కంకులని నూర్చినట్టు నూర్చి పొట్టు ఊడదీస్తుంది. ఈ నూర్పు వచ్చే చోట తెర మీద బంగారం అలాగే మెరుస్తూ ఉందా, లేక కాస్త ఖాళీ దొరికిందా? అక్కడ ఆగి మార్కు వెయ్యండి.

పెళ్ళి కవితకి ఇదే ప్రశ్న తిరగేసి అడగాలి. ఇద్దరి మధ్య గాలి ఆడేంత దూరం ఉండాలని, గుడి స్తంభాలు విడివిడిగా నిలబడతాయని కవిత. స్ఫార్ దానికి టాంగో నాట్యం పెట్టారు, ఒకరినొకరు పట్టుకుని చేసే నాట్యం. పైకి కవితకి ఎదురు. కానీ టాంగోలో ఒకళ్ళ బరువు ఇంకొకళ్ళ మీద పూర్తిగా వాలితే అడుగు పడదు, ఎవరి కాలి మీద వాళ్ళు నిలబడాలి. కవిత చెప్పని ఉపమానంతో కవిత చెప్పిందే చెప్పారు. అనువాదమంటే నాకు ఇదే. నా పూర్తి మార్కులు దీనికి.

బొమ్మలగూడు

టాంగో సంగతి ఒప్పుకుంటాను. 'పని' కంటే పైన మాత్రం పెట్టలేను. నాట్యం మంచి ఆలోచన, దాన్ని వేరే పద్ధతిలో గీసినా నిలబడుతుంది. మట్టి తీసేస్తే 'పని' లేదు.

పాలకొల్లు_ధ్వని

రేకుల కప్పు అన్నారు కాబట్టి. వాన పడితే ఈ సినిమా వెయ్యకండి, వాయిదా వేసుకోండి. కవితలు చాలావరకు ముస్తఫాకి గొంతిచ్చిన నటుడు లియమ్ నీసన్ గొంతులో నడుస్తాయి. బొంగురు, మంద్ర స్థాయి. రేకుల మీద చినుకుల చప్పుడులో ఆ గొంతు చివరి మాటలు పోతాయి, పోయేవి వాక్యం చివర ఉండే అసలు మాటలే.

వాన లేకపోయినా గట్టి గోడల హాల్లో మంద్రం మోగుతుంది. పెద్ద స్పీకరు ఒకటి తెర కింద పెట్టి సౌండు పెంచడం అందరూ చేసే పొరపాటు. రెండు చిన్నవి చెవి ఎత్తున, తెరకి రెండు పక్కలా, జనం వైపు కాస్త తిప్పి పెట్టండి. బేస్ తగ్గించండి, మాట స్పష్టమవుతుంది. వెనక గోడకి దుప్పట్లు వేలాడదీస్తే ప్రతిధ్వని సగం చచ్చిపోతుంది. గాబ్రియెల్ యారెద్ సంగీతం కాస్త పలచనైనా ఫరవాలేదు, మాట వినబడాలి. జడ్జీలు అయిదుగుర్నీ ఒకే వరసలో కూర్చోపెట్టండి. ముందువాళ్ళకి వినబడి వెనకవాళ్ళకి వినబడకపోతే మార్కుల తేడా హాలుదవుతుంది.

కోనసీమ_పాఠకుడు

చాలా ఉపయోగపడ్డాయండి. తెలుగు ఉపశీర్షికలు మేమే రాసుకోవాలనుకుంటున్నాం. కాళోజీ గారు 'ది ప్రాఫెట్'కి చేసిన తెలుగు అనువాదం 'జీవన గీత'లోంచి తీసుకోవచ్చా?

వశిష్ఠరేవు

జిబ్రాన్ 1931లో పోయారు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన ఏడాది తర్వాత 60 ఏళ్ళు, ఆ గడువు ఎప్పుడో దాటింది కాబట్టి మూలం స్వేచ్ఛగా వాడుకోవచ్చు. కాళోజీ గారు పోయింది 2002లో, ఆ అనువాదానికి హక్కు ఇంకా ఉంది. చర్చలో పక్కన పెట్టుకుని పోల్చండి, తెర మీద వెయ్యాలంటే అనుమతి కావాలి. సినిమా బహిరంగ ప్రదర్శనకీ విడిగా అనుమతి తీసుకోవాలి, తెలుగు అక్షరాలు వేస్తామని అందులోనే చెప్పండి.

బొమ్మలగూడు

ఉపశీర్షికల దగ్గర తెలుగుకి మాత్రమే వచ్చే ఇబ్బందులున్నాయి. మన లిపిలో ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. రెండు వరసలు పెడితే పైవరస ఒత్తు కిందివరస గుడిని తాకుతుంది. వరసల మధ్య ఎడం ఇంగ్లీషుకి పెట్టేదాని కంటే పెంచాలి, లేకపోతే ఒకే వరస పెట్టాలి. సన్నని అక్షరాలు వద్దు, ఒత్తులు మాయమైపోతాయి. 'ప్రేమ' కవితలో బంగారు నేపథ్యం మీద పసుపు అక్షరాలు అస్సలు కనబడవు. తెల్లటి అక్షరం, వెనక సగం పారదర్శకమైన నల్లటి పట్టీ.

మాట మొదలైన క్షణానికే అక్షరం రానివ్వండి, ముందు రానివ్వకండి. ముందే వస్తే జనం చదివేసి బొమ్మ మీదికి వెళ్ళిపోతారు, గొంతు వెనకబడుతుంది. ఒక్కో ముక్క కనీసం 2 సెకన్లు ఉండాలి, 6 దాటకూడదు. వాక్యం పొడవైతే క్రియ దగ్గర కాకుండా కర్త తర్వాత విరవండి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి అది రెండో ముక్కలో ఉంటేనే కవి ఆపి ఆపి చెప్పింది చదివేవాడికీ చివర్లోనే తెలుస్తుంది.

ఆటవెలది

పాడిన రెండు కవితల్లోనూ తిరిగి వచ్చే పంక్తికి మొదటిసారే అక్షరాలు వెయ్యండి. రెండోసారి తెర ఖాళీగా ఉంటే అందరూ వింటారు. ఉపశీర్షికలని మాత్రం ఛందస్సులో కట్టకండి. గణాల కోసం పదం అటూ ఇటూ జరిగితే గొంతు ఒక మాట దగ్గర, అక్షరం ఇంకో మాట దగ్గర ఉంటాయి.

కోనసీమ_పాఠకుడు

కొత్త కాగితం ఇలా రాశాను, చూడండి. కవితకి ఒక పేజీ, మొత్తం ఎనిమిది. ప్రతి పేజీలో నాలుగు గళ్ళు: మాట వినబడిందా, బొమ్మ మాటకి ఏం కలిపింది, ఎక్కడ నిలబడింది, ఈ పద్ధతి ఈ కవితకే ఎందుకు. గడికి 5 మార్కులు. 10 సెకన్ల టిక్కుల పట్టీ కింద ఉంది. చుట్టుకథ పేజీలో మూడు ప్రశ్నలు: ఎవరు అడిగారు, పిల్లలో ఏం మారింది, ఏది వదిలేశారు. దీనికి మార్కులు లేవు, రెండేసి వాక్యాలు రాయాలి. మొత్తం వేసే గడి తీసేశాను.

వశిష్ఠరేవు

బావుంది. 'ఏది వదిలేశారు' దగ్గర సినిమాలో లేని 18 పేర్లు అచ్చు వేసి ఇవ్వండి: దానం, సంతోషం-దుఃఖం, ఇళ్ళు, బట్టలు, కొనడం-అమ్మడం, నేరం-శిక్ష, చట్టాలు, వివేకం-ఆవేశం, నొప్పి, ఆత్మజ్ఞానం, బోధన, స్నేహం, మాట, కాలం, ప్రార్థన, ఆనందం, అందం, మతం. సినిమాలోకి ఒక్కటి చేర్చాలంటే ఏది, ఎవరి చేత తీయించాలి, మట్టితోనా పెన్సిలుతోనా తోలుబొమ్మలతోనా అని అడగండి.

మాధవపట్నం_తెర

'మాట' అన్న కవిత తోలుబొమ్మలకి ఇవ్వండి. బొమ్మ కదలకుండా తెరకి ఆనించి, వెనక దీపం ఒక్కటే జరపాలి.